జొన్న బిస్కెట్ల మొక్కు

జొన్నపిండిని సన్నని సెగ మీద వేయిస్తుంటే ముందు పచ్చివాసన వస్తుంది. ఓపిగ్గా గరిటె తిప్పుతూ ఉంటే అది పోయి, వేయించిన పల్లీల వాసనకు దగ్గరగా ఒక కమ్మదనం మొదలవుతుంది. దానికి ఖర్జూరం ముద్ద తోడై కాలితే ఆ వాసనే వేరు. పోయిన వారం గుంటూరులో కూరగాయల సంచీ పట్టుకుని నడుస్తుంటే, కొత్తగా తెరిచిన ఒక బేకరీ లోంచి సరిగ్గా ఆ వాసన వచ్చింది. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. లోపలికి వెళ్తే గల్లాపెట్టె దగ్గరున్న అమ్మాయి గాజు సీసాలోని జొన్న బిస్కెట్లు చూపించి, "గ్లూటెన్ ఫ్రీ మేడమ్, గోధుమ, మైదా ఉండవు, షుగర్ కూడా వెయ్యరు. ఇప్పుడు కొత్తగా వచ్చాయి" అంది. కొత్తగానట! నాకు నవ్వాగలేదు. ఎనభైల్లో నరసరావుపేటలో మా శేషమ్మత్త ఇసుక పోసిన గుండిగలో వీటిని కాల్చేదమ్మా అని చెబితే ఆ పిల్ల నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసేది. ఒకటి కొనుక్కుని రోడ్డు మీదే నిలబడి తిన్నాను. బాగానే ఉంది కానీ ఉప్పు రాయి వెయ్యలేదు. అత్తయితే ఆ సంగతి అక్కడే, అందరూ వినేట్టు చెప్పి ఉండేది.

శేషమ్మత్త మాకు చుట్టం కాదు. మా ఇంటి పక్కిల్లు, ఆ ఇంటి ముందువైపు వాళ్ళ పిండిమర. మామయ్య సాధుజీవి, పేరుకు మర ఆయనదే గానీ నడిపేది అత్తే. తెల్లారేసరికి తలకు తువ్వాలు చుట్టుకుని, కనుబొమల మీద పిండితో, గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. ఆమె నోటికి జడిసి వీధిలో మగవాళ్ళు కూడా డబ్బా అక్కడ పెట్టి, మళ్ళీ వస్తామని తప్పుకునేవాళ్ళు. బియ్యంలో రాళ్ళుంటే "ఇది పిండి చెయ్యాల్నా, రోడ్డు వెయ్యాల్నా?" అని అడిగేది. గుళ్ళూ గోపురాలూ ఆమెకు పట్టేవి కావు. కోటప్పకొండ తిరునాళ్ళకు మాత్రం ఏటా వెళ్ళేది, అదీ ఆకాశమంత ఎత్తున కట్టే ప్రభలు చూడటానికీ, మిఠాయి కొట్ల ముందు నిలబడటానికీ. ఎందుకంటే ఆమెకు ప్రపంచంలో తీపిని మించింది లేదు. ఆ తీపి మనిషికే షుగరు వచ్చింది. అప్పట్నుంచి మామయ్య బెల్లం దాచడం, ఆమె వెతుక్కుని తినడం, ఆ ఇంట్లో రోజూ జరిగే భాగవతం అదే.

"నోట్లో ఏంది?" అనేవాడు మామయ్య.

"వక్క."

"వక్కకు చీమలు పడతయ్యా? చూడు, చీర మీద ఎట్టా పాకుతున్నయ్యో!"

"చీమలకేం తెలుసు వక్కేందో బెల్లమేందో" అని ఆమె చెంగు దులుపుకునేది. నేను గోడ ఇవతల నుంచి వింటూ నవ్వేదాన్ని. నవ్వితే పొట్ట నొప్పి పుట్టేది.

ఆ పొట్ట గురించి చెప్పాలి. నాకు అప్పుడు ఏడేళ్ళుంటాయేమో. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది. తిన్నది వంట పట్టేది కాదు. బడికి వెళ్ళిన రోజులకంటే చెంబు పట్టుకుని పెరట్లో తిరిగిన రోజులే ఎక్కువ. మా నాన్న లారీ డ్రైవరు. మాచర్ల వైపు నుంచి నాపరాళ్ళు వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఏ ఊరి నుంచి వచ్చినా నాకోసం ఒక బ్రెడ్డు పొట్లం తప్పనిసరి. మా వైపు ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా అన్నం మాన్పించి బ్రెడ్డూ పాలూ పెట్టడమే వైద్యం. డాక్టరు కూడా అదే చెప్పేవాడు. అమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బ్రెడ్డు అంచులు తీసేసి, పాలల్లో ముంచి, ముద్ద చేసి నోట్లో పెట్టేది. విరేచనాలు ఎక్కువైతే ఇంకో రెండు ముక్కలు ఎక్కువ పెట్టేది. నాకంటే ముందు అమ్మకు ఒక మగపిల్లవాడు పుట్టి, మాటలు వచ్చే వయసులో ఇట్లాంటి పొట్టతోనే పోయాడు. చిన్నోడు అనేవాళ్ళట. అమ్మ ఎప్పుడూ ఆ పేరు ఎత్తేది కాదు. కానీ నన్ను పక్కలో వేసుకున్నప్పుడు నా పొట్ట మీద చెయ్యి వేసి, అట్లాగే చాలాసేపు మేలుకుని ఉండేది. ఆ చేతి భయం నాకు తెలిసేది.

ఆ ఏడు వానాకాలంలో ముప్పాళ్ళలో మా అమ్మమ్మ కాలు విరిగి మంచాన పడింది. అమ్మ సాయానికి వెళ్తూ, నీళ్ళు మారితే నాకు ఇంకా ముదురుతుందని శేషమ్మత్త దగ్గర వదిలి వెళ్ళింది. అత్తకు బ్రెడ్డంటే గిట్టదు. "మైదా తింటే మనిషికి గోడకు పోస్టరంటించే బలం వస్తది, అంతే" అనేది. జొన్నరొట్టె, పెసరకట్టు, మజ్జిగన్నం, ఇవే పెట్టింది. అమ్మ తిరిగొచ్చేసరికి నేను వీధిలో ఆడపిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాను. అమ్మ సంచీ కిందపడేసి నన్నెత్తుకుని ఏడ్చింది. ఆ సంతోషంలో నాన్న ఏకంగా రెండు పొట్లాలు తెచ్చాడు. ఇంకో వారం తిరక్కుండానే మళ్ళీ మంచమెక్కాను. అత్త నన్ను చూడటానికి వచ్చి మంచం పక్కన నిలబడింది. నా పొట్ట చూసింది, అమ్మ చేతిలో పాలగిన్నె చూసింది. అంత నోరున్న మనిషి ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది. అమ్మకు కోపం కూడా వచ్చింది, పలకరించనైనా లేదని.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. తలారా స్నానం చేసి, నుదుటిన విభూతి పెట్టుకుని ఉంది. ఆమెను విభూతితో చూడటం అదే మొదలు.

"ఏమే రాజ్యం, ఒక పని చేశా. కోటప్పకొండ సామికి మొక్కుకున్నా" అంది అమ్మతో.

"ఏమని వదినా?"

"నీ కూతురు గోధుమ ముట్టదు. రవ్వ, మైదా, బ్రెడ్డు, ఏదీ. నేను పంచదార, బెల్లం ముట్టను. ఇది పెద్దదై దాని కాపురం అది చేసుకునేదాకా."

"నన్ను అడగకుండానే?"

"మొక్కేటప్పుడు ఎవుర్ని అడుగుతారే? నోట్లోంచి వచ్చింది. ఇంక సామి ఇష్టం, నీ ఇష్టం."

అమ్మ వెంటనే రెండు చేతులూ జోడించి కొండ ఉన్న దిక్కుకు దణ్ణం పెట్టింది. ఇంట్లో ఉన్న బ్రెడ్డంతా వీధిలో ఆవుకు పెట్టేసింది. నేనిప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. గోధుమ పడటం లేదేమో అని ఎవరైనా మామూలుగా చెప్పి ఉంటే మా వీధి మొత్తం వాదించేది. డాక్టరు చెప్పిందానికంటే నీకెక్కువ తెలుసా అని అత్తనే కడిగేసేది. మొక్కు అనేసరికి అందరి నోళ్ళూ మూతపడ్డాయి. పెళ్ళిళ్ళలో ఎవరైనా నా విస్తట్లో పూరీ వెయ్యబోతే పక్కవాళ్ళే చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు. మా నాన్న మాత్రం కొన్నాళ్ళు బిత్తరపోయాడు. లారీ దిగి ఖాళీ చేతులతో ఇంట్లోకి రావడం ఆయనకు రాలేదు.

బిస్కెట్ల ఆలోచన మా అరుగు మీద పుట్టింది. ఆ రోజుల్లో వేసవి సెలవులొస్తే ఇళ్ళల్లో వాళ్ళు మైదా, డాల్డా, పంచదార పట్టుకెళ్ళి బేకరీలో ఇచ్చి, డబ్బా నిండా బిస్కెట్లు చేయించుకునేవాళ్ళు. బ్రెడ్డు దించాక బట్టీలో మిగిలిన వేడికి అవి కాలేవి. అందరి పిల్లలూ ఆ డబ్బాలు మోసుకుంటూ పోతుంటే నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. అత్త నా పక్కన కూర్చుని వాళ్ళనే చూస్తోంది. ఇద్దరికీ నోరూరుతోంది. "లే, మనం కూడా చేయిద్దాం పా" అంది. జొన్నపిండి, నానబెట్టిన ఖర్జూరం, వెన్న డబ్బాలో పెట్టుకుని, నన్ను మస్తాను బేకరీకి తీసుకెళ్ళింది. మస్తాను డబ్బాలోకి తొంగి చూసి నిజంగానే భయపడ్డాడు.

"జొన్నలతో బిస్కెట్లేందమ్మా? ముద్ద నిలవదు. మైదా లేకపోతే పట్టేదేది?"

"రొట్టె నిలవట్లా?"

"రొట్టె వేరమ్మా."

"ఏం వేరు? నువ్వు కాల్చు, ముద్ద మాట వినకపోతే దాని సంగతి నాకొదిలెయ్యి."

మొదటిసారి మస్తాను చెప్పిందే నిజమైంది. రేకు మీంచి తీస్తుంటే పొడి పొడి అయిపోయాయి. ఆ పొడినే మేమిద్దరం పాలల్లో కలుపుకుని తిన్నాం. తర్వాతి వాయికి ఖర్జూరం ఎక్కువై అడుగు మాడింది. ఆ తర్వాత గట్టిపడి, మామయ్య పళ్ళకు లొంగక ఆయన కోడికి వేస్తే కోడి కూడా తల తిప్పుకుంది. అత్త ఓడిపోయే రకం కాదు. రొట్టెకు చేసినట్టే పిండిలో మరిగిన నీళ్ళు చిలకరించి, మూతపెట్టి మగ్గనిచ్చి, తర్వాత బాగా పండిన చక్కెరకేళి అరటిపండు మెదిపి వేసింది. దాంతో ముద్ద చెప్పిన మాట విన్నది. పల్లీల పొడి, నువ్వులు, రెండు యాలకులు, ఒక ఉప్పు రాయి కలిపింది. ఆ రోజు బట్టీలోంచి వచ్చినవి చేత్తో పట్టుకుంటే విరగలేదు, కొరికితే విరిగాయి. మస్తాను కూడా ఒకటి నోట్లో వేసుకుని, కొంచెం పంచదార పడితేనా అన్నాడు. అత్త చూసిన చూపుకు మిగతా మాట మింగేశాడు.

అయితే ఆ బిస్కెట్లు తిన్నాక నేను మళ్ళీ జబ్బు పడ్డాను. ముందంత కాదు గానీ, పొట్ట ఉబ్బడం, నీళ్ళ విరేచనాలు తిరిగొచ్చాయి. అమ్మ బెంబేలెత్తిపోయింది. మొక్కులో ఏదో లోపం జరిగింది, స్వామికి కోపం వచ్చింది, మొక్కు విడిపించుకుని మళ్ళీ డాక్టరు చెప్పినట్టు చేద్దామని ఏడుపు మొదలుపెట్టింది. "నాలుగు రోజులు ఆగవే" అని అత్త బతిమాలింది. ఆమె బతిమాలడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. ఆమెకూ ఏమీ పాలుపోవడం లేదు. గోధుమ లేదు కదా, మరెందుకిట్లా అని మర గుమ్మంలో కూర్చుని వచ్చిన వాళ్ళను తిట్టకుండా ఊరుకునేది. వీధి వాళ్ళు అత్తకు జ్వరమేమో అనుకున్నారు.

దారి చూపించినవి మిరపకాయలు. కారం పట్టే మర వేరే ఉంది గానీ, ఆ రోజు దాని బెల్టు తెగింది. ఎవరో తొందరపెడితే పనివాడు మిరపకాయలు పిండిమరలో పోసేశాడు. తర్వాత మా జొన్నలు అందులోనే పట్టారు. ఆ పిండితో చేసిన బిస్కెట్టు కొరికితే ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చెంబెత్తి నీళ్ళు తాగుతున్నాను. అత్త మాత్రం నాలుక చప్పరిస్తూ అట్లాగే కూర్చుండిపోయింది. "కారం అంటుకుంటే గోధుమ అంటుకోదా ఏంది?" అంది, నాతో కాదు, మరతో. లేచి మర మూతి విప్పి వేలితో గీరి చూసింది. రోజూ గోధుమలు పట్టే మర, లోపలంతా తెల్లగా పేరుకుని ఉంది. ఎప్పుడో ఒక రొట్టె తిన్నప్పుడు తెలియంది, రోజూ బిస్కెట్లు తినేసరికి బయటపడింది. అక్కణ్ణుంచి బేకరీకి వెళ్ళి రేకు చూసింది. బిస్కెట్లు అంటుకోకుండా మస్తాను రేకు మీద మైదా చల్లుతున్నాడు. అందరూ చేసేదే. ఆయన తప్పేమీ లేదు.

అటక మీది తిరగలి ఆ సాయంత్రమే దిగింది. మర పెట్టుకుని తిరగలి తిప్పే మనిషి అని వీధంతా నవ్వింది. మామయ్యకైతే తల కొట్టేసినట్టయింది. "మన మర పిండి మనమే తినకపోతే బేరమెవడు పెడతాడే?" అని మొత్తుకున్నాడు. "మొక్కు పిండి చేత్తోనే విసరాలయ్యా. సామి చెప్పాడు" అంది అత్త. పెరట్లో రంపపుపొట్టు పొయ్యి మీద పాత గుండిగ పెట్టి, సగానికి ఇసుక పోసి, ఇసుక కాలాక కుదురు మీద ఇత్తడి పళ్ళెం దించి, మూత మీద నిప్పులు పోసేది. అట్లా కాలిన బిస్కెట్లతో నా పొట్ట తగ్గింది. ఈసారి తగ్గి, మళ్ళీ రాలేదు. నా చెంపలు నిండాయి. మా నాన్న ఊళ్ళ నుంచి ఖర్జూరం పొట్లాలు తేవడం మొదలుపెట్టాడు.

పంచదార మాత్రం అత్తకు నిజంగానే దూరమైంది. నాకు తెలిసి ఆ మొక్కు తర్వాత ఆమె ఎప్పుడూ దొంగతనంగా కూడా తినలేదు. ఒకసారి కారంపూడిలో పెళ్ళికి వెళ్ళాం. బంతిలో నా పక్కనే కూర్చుంది. లడ్డూ వడ్డించగానే తన లడ్డూ తీసి నా విస్తట్లో పెట్టింది. శనగపిండి కాబట్టి నాకు పరవాలేదు. నేను తింటుంటే ఆమె చెయ్యి కడగకుండా నా మొహమే చూస్తోంది.

"ఎట్టా ఉంది?"

"బాగుందత్తా."

"బాగుందంటే సరిపోయిందా? పాకం ముదిరిందా, లేతగుందా? కిస్మిస్ తగిలిందా? నోటితో చెప్పు, నేను చెవితో తింటా."

నేను ముక్క ముక్కకూ చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళకు వెళ్ళామో, అన్నింట్లోనూ ఆమెకు మిఠాయిలు చెప్పడం నా పని. నాకు మాటలు పేర్చడం వచ్చిందంటే ఆ బంతుల్లోనే వచ్చింది.

పదో తరగతి పాసై గుంటూరులో ఇంటర్‌కు హాస్టల్లో చేరబోతున్నప్పుడు, అత్త నన్ను పెరట్లోకి పిలిచి బిస్కెట్ల డబ్బా చేతికిచ్చింది. కూర్చోమంది.

"అక్కడ మొక్కని చెబితే నవ్వుతారే. అందుకని అసలు సంగతి చెబుతున్నా. నీ ఒంటికి గోధుమ పడదు. ఎందుకు పడదో నాకు తెలవదు. పడదు, అంతే. జన్మలో ముట్టమాక."

"మరి మొక్కు?"

"మొక్కా, గిక్కా! మర కాడ కూర్చుని అనుకున్నా."

"అబద్ధమా? అమ్మకు అప్పుడే నిజం చెప్పొచ్చు కదత్తా?"

 అత్త చేతికంటిన పిండి రాలుస్తూ కూర్చుంది. "చిన్నోడి పొట్ట కూడా ఇట్టాగే ఉండేది. మీ అమ్మ వాడికి కూడా బ్రెడ్డే పెట్టింది. పాలల్లో ముంచి, అంచులు తీసి. నేను చూశా. అప్పుడు నాకూ తెలవదు. నీకు గోధుమ పడదని చెబితే అది ముందు నిన్ను చూసుద్దా, వాణ్ణి తలుచుకుంటదా? నా చేత్తో నేనే చంపుకున్నా అనుకోదూ?" అంది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తన గొంతు తెచ్చుకుంది. "మీ అమ్మకు చెప్పమాక. సామికి అబద్ధమాడానంటావా, పంచదార మానేశాగా. చెల్లుకు చెల్లు."

నేను ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. అప్పటిదాకా ఆమె నా ప్రాణం కాపాడిందనే తెలుసు. మా అమ్మను కూడా కాపాడుతోందని ఆ పూట తెలిసింది.

శేషమ్మత్త పోయి చాలా ఏళ్ళయింది. అమ్మకు నేనేమీ చెప్పలేదు. నాకు పెళ్ళయ్యాక కూడా మొక్కు కొనసాగిస్తానని చెబితే, మంచిదమ్మా అంది. నా కూతురు పుట్టి, దానికి అన్నప్రాసన అయిన కొన్నాళ్ళకు, నా చిన్నప్పటి పొట్టే దానికీ కనిపించింది. గుంటూరులో పెద్ద డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే అమ్మ తోడు వచ్చింది. పరీక్షలు చేసి, ఆ జబ్బుకు పేరు చెప్పి, ఇది వంశంలో వస్తుందని, మీ ఇంట్లో చిన్నతనంలో ఇట్లా ఎవరైనా పోయారా అని అడిగాడా డాక్టరు. గోధుమ పెట్టేకొద్దీ పేగు దెబ్బతింటుందని, పాతరోజుల్లో తెలియక బ్రెడ్డే పెట్టేవాళ్ళని, పాపం మామూలుగానే చెప్పుకుపోతున్నాడు. నేను ఆయన్ను ఆపలేకపోయాను. అమ్మ వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు. అత్త అంతకాలం మూసి ఉంచిన తలుపు ఒక్క నిమిషంలో తెరుచుకుంది.

నరసరావుపేట బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. ఊరు దాటి, పత్తిచేలు మొదలయ్యాయి. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మొక్కు అబద్ధం కదూ?" అంది.

"ఊఁ."

"నీకెప్పుడు తెలుసు?"

"హాస్టల్‌కు పోయేటప్పుడు చెప్పిందమ్మా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చిన్నోడా, చిన్నోడా అని పిలిచింది. ఆ పేరు ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చాలాసేపటికి తెరిపిన పడి, మొహం తుడుచుకుని, నా ఒళ్ళో ఉన్న పాప తల నిమిరింది.

"అప్పుడే తెలిసుంటే నేను బతికేదాన్ని కాదే. నిన్నెవరు పెంచేవాళ్ళు?" అంది. "ఆ మహాతల్లి తన నోరు కట్టేసుకుని, ఇన్నేళ్ళు నన్ను నిద్రపోనిచ్చింది."

నేనిప్పటికీ నోటిదూకుడు మనిషినే. మా ఇంట్లో వాళ్ళు కూడా శేషమ్మ మేనకోడలంటారు. కానీ ఎవరికైనా బాధపెట్టే నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం, ఇది విన్న తర్వాత ఈ మనిషి ఈ రాత్రి పడుకోగలదా అని ఆలోచించకుండా నోరు తెరవలేను. కొన్నిసార్లు చెబుతాను. కొన్నిసార్లు వేరే దారి వెతుకుతాను, అత్త తీపి మానుకున్నట్టు ఆ దారికయ్యే ఖర్చు నేనే పెట్టుకుంటాను.